పెట్రోలు రుచి చూసే మనిషి

మా ఇంటాయన మోటారు మిస్త్రీ. బండి ఆగితే ముందు పెట్రోలు గొట్టం నోట పెట్టి పీల్చేవాడు. నాలుక మీద ఆడించి ఉమ్మేసి, నీళ్లు కలిశాయో, ట్యాంకులో తుప్పు దిగిందో చెప్పేవాడు. ఆ నాలుకే మాకు అన్నం పెట్టింది.

పెట్రోలుకు రేషను పెట్టిన యుద్ధం రోజుల్లో శంషాబాద్‌లో ఒక దొర తన పందెం కారుకు వెనక రెండో ట్యాంకు కట్టించాడు. ఆ కారు పక్కనే ఉన్న సాతంరాయి ఊరి ఎత్తు మీద ఆగిపోయింది. నేను సద్ది తీసుకుపోయేసరికి ఈయన పీలుస్తున్నాడు, ఉమ్ముతున్నాడు, మళ్లీ పీలుస్తున్నాడు.

"ఏంది మిస్త్రీ, పెట్రోలుకు మరిగినవా?" అని దొర డ్రైవరు నవ్వాడు.

ఈయన నవ్వలేదు. "అన్నా, జర నువ్వు జూడు. నీళ్లు కలిసినయా?" అన్నాడు. ఎన్నడూ ఇంకొకరిని అడగని మనిషి.

ఆ సాయంత్రం కావాలనే కూరలో ఉప్పు వేయలేదు. కంచం ఊడ్చినట్టు తిన్నాడు.

"ఎట్లుంది?" అన్నాను.

"మంచిగుంది."

"ఉప్పెయ్యలే. నీ నాలుకను పెట్రోలు తిన్నది."

కంచం పక్కకు జరిపాడు. "గిట్ల పరీక్ష పెట్టకే. నీ కూర రుచి యాదికుంది. గదే తింటున్న," అన్నాడు.

మర్నాటి నుంచి ఉప్పు సరిగ్గా చూసి వేశాను. ఎట్లుందని మాత్రం ఆయన పోయేదాకా అడగలేదు.