ఎస్కేప్ అనే మాటకు నేను రాసిన వాక్యం

ఇన్నాళ్ళూ మన బడి స్నేహితుల గ్రూపులో మీ పోస్టులు చదవడమే తప్ప నేనేమీ రాయలేదు. ఈ రోజు పూజ ముగించి ఫోన్ తెరిస్తే, రోజుకో ఇంగ్లీషు మాట నేర్పే పేజీలో 'ఎస్కేప్' కనిపించింది. తప్పించుకోవడం అని అర్థం, కింద ఒక వాక్యం. ఇక రాయకుండా ఉండలేకపోయాను.

మన బళ్ళో కొత్త మాట చెబితే, 'నేను' అని మొదలయ్యే సొంత వాక్యం రాసుకుపోవాలి, గుర్తుందా? ధర్మవరంలో మా ఇల్లంతా పట్టు వాసన, గంజి వాసన. బళ్ళో ఈ మాట చెప్పిన రోజు నాయన మగ్గం పక్కన కూర్చుని, 'నేను ఇంటి నుంచి తప్పించుకోవాలి' అని ఇంగ్లీషులో రాసి గట్టిగా చదివాను. కొంచెం ఇంగ్లీషు తెలిసిన పెదనాయన అప్పుడే వచ్చి నవ్వాడు.

"ఏమబ్బా, నీ కూతురు ఇల్లిడిసి పోతాదంట!"

మగ్గం ఆగింది.

"యాడికి పోతావు?" అన్నాడు నాయన.

"ఉత్త వాక్యమే నాయనా."

"ఉత్తదే అయితే మన ఇల్లెందుకొచ్చె అందులోకి?"

బడి మాన్పిస్తాడనుకున్నాను. మాన్పించలేదు. ఆ సాయంత్రం నుంచి నా చెప్పులు మగ్గం గుంతలో, ఆయన కాళ్ళ దగ్గర ఉండేవి. బడికి పోయేటప్పుడు మాత్రం తీసిచ్చేవాడు. పెళ్ళయి హిందూపురం బస్సెక్కే రోజు కూడా ఆయనే తీసిచ్చాడు.

చదివి మీ దగ్గరే దాచుకోండి. మా తమ్ముళ్ళకు మాత్రం చూపించకండి, వాళ్ళకు నాయనంటే దేవుడు.