ఎనుక బండికి ఎక్కవలసిన తొమ్మిది మంది

శనివారం, డిసెంబరు పదకొండు. సూర్యాపేట.

మా మరిది పోయి ఈ రోజుకు పదహారు రోజులు. ఆ గురువారం పొద్దున చాయ్ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే పోయాడు. పక్క వాటాలో ఉన్న నా దగ్గరికి మా తోటికోడలు వచ్చి, "అక్కయ్యా, ఆయన పలకటం లేదు, ఒకసారి రండి" అంది. వెళ్ళి చూస్తే ముఖం మామూలుగానే ఉంది. చొక్కా జేబులో ఎప్పటిలాగే మడిచిన గళ్ళ కాగితం, పొట్టి పెన్సిలు ఉన్నాయి.

వచ్చే ఆదివారం ఆయన పాత విద్యార్థులు బడిలో సభ పెట్టి, ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్ను ఒక పేజీ రాయమన్నారు. ఒక పేజీ చాలదు. ఆయనను తలచుకోవడంతో పాటు నేను ఒక తప్పు దిద్దుకోవాలి. ఆ తప్పు నా చేతిరాతతో ఒక నోటుబుక్కులో ఉంది కాబట్టి, దిద్దడం కూడా రాతలోనే జరగాలి.

ఆయన బాలుర ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పేవాడు. నేను బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎనభై ఏడులో వాళ్ళ బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. గదికి తాళం వేయించి, బయట "చెప్పులు విడువవలెను" అని బోర్డు పెట్టారు. తాళంచెవి మా మరిదికి ఇచ్చారు. మొదటి వారంలోనే ఆయన ఆ బోర్డు పీకేశాడు.

"గది గుడి గాదు వదినా. పోరగాండ్లు చెప్పులిడిశి లోపలికొస్తే, మల్ల బయటికి పోయేటాల్లకు చెప్పులు ఖతం" అన్నాడు.

ఆ యంత్రాలతో ఏం నేర్పాలో ఎవరూ చెప్పలేదు. ఆయన ఒక పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కో వరుసా టైపు చేసి, ఏడాది కష్టపడి ఒక ఆట తయారు చేశాడు. దాని పేరు "మొదటి బండి". ఆడే పిల్లలే కండక్టరు. సూర్యాపేటలో బస్సు బయలుదేరుతుంది. దారిలో కొందరు ఎక్కుతారు, కొందరు దిగుతారు. ఇప్పుడు బస్సులో ఎంతమంది ఉన్నారో సరిగ్గా చెబితేనే బండి కదులుతుంది. తప్పు చెబితే డ్రైవరు మెల్లగా వెనక్కి తిరిగి చూస్తాడు. అంతే. ఆ చూపుకు పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. కోదాడ చేరితే గెలిచినట్టు. తర్వాత కోదాడ నుంచి మిర్యాలగూడకు "రెండో బండి", మిర్యాలగూడ నుంచి తిరిగి సూర్యాపేటకు "మూడో బండి" చేశాడు. శనివారం మధ్యాహ్నాలు మా బడి ఆడపిల్లలను కూడా పిలిచి ఆడించేవాడు. తీసివేత రాక ఏడ్చిన పిల్లలు అక్కడ వరసలో నిలబడి తీసివేతలు చేశారు. ఇది నేను కళ్ళారా చూశాను.

ఆ ఆటలో అసలు సంగతి ప్రయాణికులు. వాళ్ళ కోసం ఆయన ఆదివారం బస్టాండుకు పోయి, పల్లీలు తింటూ రెండు గంటలు కూర్చునేవాడు. "ఇయ్యాల ఇద్దరు దొరికిన్రు వదినా" అంటూ తిరిగొచ్చి, వరండాలో గళ్ళ కాగితం పరిచి, గడులు నింపుతూ వాళ్ళ బొమ్మలు గీసేవాడు. కోళ్ళ గంపతో మోతె ఊళ్ళో ఎక్కే ఆమె అట్లా వచ్చిందే. త్రిపురారం రైతు వడ్ల బస్తాను సీటు మీద కూర్చోబెట్టి తాను నిలబడేవాడు. "బస్తకు టికెట్ తీస్కున్న, దాన్ని లేపకుండ్రి" అనేవాడు. మిరపకాయలు ఏరడానికి కోదాడ పోయే తండా ఆమె, తన వెంట వచ్చిన వాళ్ళను తన భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి లెక్కపెట్టేది. "మేం పన్నెండు మందిమి సారూ, నువ్వు పదకొండే కొట్టినవ్" అని కండక్టరుకు చెప్పేది. లెక్క తప్పిన పిల్లలను ఎన్నోసార్లు కాపాడింది ఆమే.

తుంగతుర్తి ముసలాయన బండి కదలకముందే "కోదాడ ఒచ్చిందా?" అని అడిగేవాడు. నిజం ముసలాయన ఒకరోజు బస్టాండులో మళ్ళీ కనబడితే, మా మరిది ఆయనను చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాడు.

"గీ పొట్టోడు నేనేనా?" అన్నాడాయన.

"నువ్వే తాతా."

"మీసం గింతేనా పెట్టేది? ఊర్ల నా ఇజ్జత్ ఏం కావాలె?"

మా మరిది అక్కడికక్కడే అటొక గడి, ఇటొక గడి మీసం పెంచాడు. ముసలాయన తెరకు దగ్గరగా వంగి చూసి, తన మీసం తడుముకుని, "ఆఁ, ఇగ మంచిగున్న" అన్నాడు.

ఆ యంత్రంలో జాగ మాత్రం చాలా తక్కువ. ఒక కొత్త మనిషి ఎక్కాలంటే పాత మనిషి ఒకరు పోవాలి. దాన్ని "తీసెయ్యడం" అనడం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. "దించుడు" అనేవాడు. "ఎక్కించుడు అల్కగ వదినా, దించుడు నాతోని గాదు. గది నువ్వే సూడు" అని ఆ పని నాకు అప్పగించాడు.

నేను ఒక నోటుబుక్కు తీసి నాలుగు గడులు గీశాను: వరుస సంఖ్య, ఎవరు, ఎక్కిన ఊరు, దించిన కారణం. కారణం రాయకుండా ఎవరినీ దించకూడదని షరతు పెట్టాను. ఆయన కారణం చదివేవాడు. ఒప్పుకుంటే మీట నొక్కేవాడు. నొక్కే ముందు తెర మీది మనిషితో, "దిగి చాయ్ తాగు, ఎనుక బండికి ఎక్కుదువు" అనేవాడు. ఒక్కసారి కూడా ఆ మాట అనకుండా నొక్కలేదు.

కొందరిని దించడం సరైన పనే. బర్రె: "ద్వారంలో పట్టదు." పెళ్ళి బ్యాండు: "పదకొండు మంది, ఒక్కరూ టికెట్ అడగలేదు." బీడీ తాగే ఆయన: "ఇది పిల్లల ఆట." నిద్రపోయి తన ఊరు దాటిపోయే ఆయన కోసం మాత్రం మా మరిది గట్టిగా వాదించాడు.

"నిజంగ గట్లాంటోళ్ళు ఉంటరు వదినా!"

"ఉంటారు. ఆయన ఎక్కడ దిగాడని పిల్లలు లెక్క వేయాలి?"

"గదీ నిజమే" అని తల గోక్కుని, నిద్రపోతున్న ఆయనకు కూడా చాయ్ తాగమని చెప్పి దించాడు.

ఇక నా తప్పు సంగతి. ఆ యంత్రానికి తెలుగు రాదు. ప్రయాణికుల మాటల కోసం ఒక్కో అక్షరాన్నీ గడుల్లో బొమ్మగా గీయాలి. ఆ బొమ్మలకూ జాగ కావాలి. మోతె ఆమె తల మీద "జర సదురుండ్రి, గీడ కోళ్ళున్నయ్" అని చూడగానే నేను ఎర్ర సిరా పెన్ను తీశాను.

"ఏమయ్యా, పిల్లలు చదివే చోట ఈ మాటలేమిటి? రేపు పరీక్షలో ఇట్లాగే రాస్తారు."

"ఆమె గట్లనే అన్నది వదినా. నేను పక్కనే కూసున్న."

"ఆమె అంటే అననీ. నువ్వు 'కాస్త సర్దుకోండి, ఇక్కడ కోళ్ళు ఉన్నాయి' అని రాయి."

"రాస్త. గని లెక్క నీకే ఎరుక. గీడ అంటే రెండు బొమ్మలు. ఇక్కడ అంటే మూడు, కింద ఒత్తు మల్ల వేరే. మన మాటకు జాగ తక్కువ వడ్తది. మిషిన్‌కు గూడ మన మాటనే ఇష్టం."

"మిషన్ ఇష్టంతో నాకు పని లేదు."

"పది బొమ్మలు పెరిగితే ఒక మనిషి జాగ పోతది మరి."

నాకు కోపం వచ్చింది. "ఏంది నీ లొల్లి?" అన్నాను.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "సూశినవా! అయిదే బొమ్మలల్ల తిట్టినవ్. పుస్తకం భాషల తిడితే పదిహేనన్న వడ్తయి."

మా తోటికోడలు నవ్వు ఆపుకోలేక బియ్యం చాట కింద పెట్టేసింది. నేను నవ్వలేదు. తెల్లవారి ఆయన నేను చెప్పినట్టే గీసుకొచ్చాడు. ఆ తర్వాత కూడా ఎర్ర సిరాతో నేను దిద్దిన ప్రతి మాటనూ ఎదురు చెప్పకుండా మార్చాడు. ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పుడు ఆయనను కూర్చోబెట్టి పాస్ చేయించింది నేను. ఆ గౌరవం అట్లా చూపించాడు.

మా తోటికోడలిది కోదాడ. వాళ్ళ మాట పుస్తకం భాషకు కొంచెం దగ్గర. ఆటలో ఉన్న కోదాడ బట్టల వ్యాపారి "ఏవండీ, కొంచెం జరుగుతారా?" అంటాడు. దాంట్లో నేను దిద్దవలసింది ఏమీ లేదు. "మూడో బండి" మొదటిసారి ఆడించిన రోజు ఇంటిల్లిపాదీ బడికి వెళ్ళాం. మిర్యాలగూడలో బస్సు బయలుదేరింది. మా తోటికోడలు ఒక్కొక్కరినీ చూసి చప్పట్లు కొట్టింది.

"అక్కయ్యా, ఈ బండి కోదాడ మొహమే చూడదు. అయినా బండి నిండా మా కోదాడోళ్ళేగా! మీ పెన్ను చల్లగుండాలి!"

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ మా మరిది నవ్వాడు. అది హాస్యం అనుకుని నేను కూడా నవ్వాను.

కొన్నాళ్ళకు తుంగతుర్తి ముసలాయన మనవరాలిని వెంటబెట్టుకుని బడికి వచ్చాడట. తెర మీద తన కోసం వెతికి, "నేనేడ వోయిన సారూ?" అని అడిగాడట. "దిగి చాయ్ తాగుతున్నవ్ తాతా" అని చెప్పి, మా మరిది ఆయనను హోటలుకు తీసుకుపోయి నిజంగానే చాయ్ తాగించాడు. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు కూడా ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. చాయ్ బాగుందని చెప్పాడు.

పదో రోజున మిర్యాలగూడ నుంచి ఒకామె వచ్చింది. శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలో తీసివేతలు నేర్చుకున్న మా బడి పిల్లే. ఇప్పుడు మిర్యాలగూడలో తానే కంప్యూటర్ క్లాసులు నడుపుతోంది. మూడు బండ్లనూ కలిపి కొత్తగా తయారు చేసి, సభ రోజు అందరికీ ఆడించాలని ఆమె ఆలోచన.

"గిప్పుడు జాగకు పరేషాన్ లేదు టీచర్. దిగినోళ్ళను ఎక్కియ్యొచ్చు" అంది.

నేను నోటుబుక్కు ఇచ్చాను. మొత్తం ఇరవై మూడు మంది. బర్రె దగ్గర నవ్వింది, బ్యాండు దగ్గర ఇంకా నవ్వింది. తర్వాత పేజీలో ఆగింది. అక్కడ మోతె ఆమె, త్రిపురారం రైతు, తుంగతుర్తి ముసలాయనతో కలిపి తొమ్మిది మందికి వరసగా "స్థలం చాలక" అని ఉంది.

"తొమ్మిది మందికి ఒకటే జవాబు రాసిన్రు. మేము గిట్ల రాస్తే మీరు మార్కులేస్తుంటిరా?"

"వేసేదాన్ని కాదు" అన్నాను.

"స్థలం ఎందుకు చాలలే టీచర్?"

మా తోటికోడలు లేచి వెళ్ళి ఆయన సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. దాని మీద ఆయన చేతిరాతతో "ఎనుక బండి" అని ఉంది. లోపల ఆ తొమ్మిది మంది బొమ్మలు, వాళ్ళు అన్న మాటలు అన్నట్టుగానే ఉన్నాయి. పక్కన మూడు బండ్లలో నేను దిద్దిన మాటల కాగితాలు పరిచి, ఆ పిల్లా నేనూ బొమ్మలు లెక్కపెట్టాం. నేను దిద్దకముందు అందరూ పట్టేవాళ్ళు. నా దిద్దుబాట్లతో పెరిగినవి ఎనభై ఎనిమిది బొమ్మలు. పది బొమ్మలకు ఒక మనిషి. తొమ్మిది మంది దిగగా రెండు బొమ్మల చోటు మిగిలింది. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ రెండే మిగిలాయి.

స్థలం చాలకపోవడం కాదు, ఆ స్థలం నేను తీసుకున్నాను. నేను భాష దిద్దడం కోసం మా ఊళ్ళ వాళ్ళు మా బస్సులోంచి దిగిపోయారు. మా తోటికోడలు ఆ రోజే చెప్పింది. ఆయన మొదటి రోజే లెక్కతో సహా చెప్పాడు. నేను లెక్కల టీచరునై ఉండి ఆ లెక్క వినలేదు.

అయినా ఆ కవరు చూసినప్పుడు నాకు సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. ఆయన దాని మీద ఫిర్యాదు రాయలేదు. వాళ్ళు ఎక్కబోయే బండి పేరు రాసి, భద్రంగా పెట్టి, నన్ను ఒక్క మాట అనకుండా, నాతో రోజూ చాయ్ తాగాడు. అటువంటి మనిషి పక్క వాటాలో ఇన్నేళ్ళు ఉండటం నా అదృష్టం.

మొన్న సభ పెడుతున్న కమిటీ నుంచి ఒక కవరు వచ్చింది. కొత్త ఆటలో ప్రయాణికుల మాటలన్నీ టైపు చేసి పంపారు. "పెద్దలు వస్తున్నారు, భాష శుద్ధిగా ఉండేటట్టు దిద్ది ఇవ్వగలరు. ఈ పనికి మీకంటే తగినవారు లేరు" అని చీటీ పెట్టారు. మోతె ఆమె మాట కింద ముందే గీత గీశారు. ఈసారి వాళ్ళ నోట్లో మాట మారిస్తే, స్థలం చాలలేదని చెప్పుకోవడానికి కూడా వీలు లేదు. కాబట్టి ఆదివారం లోపల జరగవలసినవి రాస్తున్నాను.

1. నోటుబుక్కులో తొమ్మిది చోట్ల "స్థలం చాలక" కొట్టివేసి, "నేను భాష దిద్దినందువల్ల" అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. ఇది అయిపోయింది.

2. కమిటీ పంపిన కాగితాలు ఒక్క ఎర్ర గీత కూడా లేకుండా తిరిగి పంపుతున్నాను. తొమ్మిది మందీ వాళ్ళ మాటలతోనే ఎక్కాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు మిర్యాలగూడ పిల్లను కాదు, నన్ను అడగాలి. సాయంత్రం నాలుగు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

3. మిగిలిన పద్నాలుగు మంది ఎక్కకూడదు. బర్రె కూడా. వాళ్ళ కారణాలు సరిగ్గానే ఉన్నాయి.

4. గళ్ళ కాగితాలన్నింటికీ రెండు జిరాక్సులు తీయించి, ఒకటి బడిలో, ఒకటి మా తోటికోడలి దగ్గర ఉంచాలి.

5. నిన్న సాయంత్రం ఆ పిల్ల బడిలో కొత్త కంప్యూటరు మీద చేసినంతవరకు చూపించింది. తొమ్మిది మంది ఒక్కసారే ఎక్కబోయి ద్వారం దగ్గర ఇరుక్కున్నారు. బస్తా ఆయన వెనక్కి తగ్గడు, గంప ఆమె ముందుకు పోదు. అందరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడి తెర నిండిపోయి, వెనకాల బస్సే కనబడలేదు. "తప్పు వడ్డది టీచర్, రేపటికల్ల సాఫ్ చేస్త" అంది. అది తప్పేనని నాకూ తెలుసు. దాన్ని దిద్దవద్దు.