చీపురు బావ ఖాళీ చేసిన పన్నెండు రంగులు

ఆయనకు చీపురు బావ అని పేరు పెట్టింది మరదలు. పెట్టక ఏం చేస్తుంది? చుట్టపుచూపుగా వచ్చిన ఆమె కళ్లజోడు పెట్టుకుని దాని ఖాళీ పెట్టె బల్ల మీద ఉంచితే, ఖాళీదే కదా అని చెత్తబుట్టలో పడేశాడు. కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం కాబట్టి అక్కడ ఈ జబ్బు మంచి గుణంగా చెలామణీ అయిపోయింది. ఇంట్లో మాత్రం జబ్బే.

ఇంటి ముందుగదిలో భార్య ఎంబ్రాయిడరీ మెషిన్. దానికి పన్నెండు సూదులు, నడిపించడానికి ఒక లినక్స్ కంప్యూటర్. ఆ శనివారం ఇరవై రెండు జెర్సీల మీద నారింజ రంగు పులి తల కుట్టాలి. మూడింటికి స్కూలు ఫుట్‌బాల్ కోచ్ వస్తాడు. పని నచ్చితే స్కూలు యూనిఫాంలన్నీ ఆవిడకే. మూడేళ్లుగా ఆ ఆర్డరు కోసమే ఎదురుచూస్తోంది.

ఆవిడ స్నానానికి వెళ్లగానే ఈయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ప్రోగ్రాముల లిస్టు తెరిస్తే, ఎప్పుడో తీసేసిన వాటి పేర్లు నూట ఎనభై దాకా ఇంకా ఉన్నాయి. ప్రోగ్రాం పోయినా సెట్టింగుల ఫైలు మిగిలిపోతే పేరు అలాగే ఉంటుంది, ఇల్లు ఖాళీ చేసినవాళ్ల పేరు పలక తలుపుకు వేలాడినట్టు. ఆయన చేతులు దురద పెట్టాయి. అన్నీ ఒకేసారి తుడిచేసే కమాండు కొట్టాడు. కంప్యూటర్ పేర్లన్నీ చూపించి, సరేనా అని అడిగింది. చదవకుండా సరే అనొద్దని కాలేజీ గోడ మీద రాయించింది ఈయనే. చదవకుండా సరే అన్నాడు.

తొమ్మిదింటికి ఆవిడ మెషిన్ నడిపింది. ఎనిమిది నిమిషాల్లో పులి తయారైంది. ముఖం ఆకుపచ్చ, మీసాలు గులాబీ, నాలుక నీలం.

ఏ రంగు ఏ సూదిదో చెప్పే పట్టీ పాత ప్రోగ్రాం ఫైల్లో ఉండేది. కొత్త ప్రోగ్రాం పెట్టిన రోజున, ఆ ఫైలే చూసుకోమని దానికి దారి చూపించింది ఈయనే. మర్చిపోయిందీ ఈయనే. కాపీ కూడా ఉండేది. ఒకటే ఫైలు రెండెందుకని పోయిన నెల తీసేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చెరిపేసిన ఫైళ్లను తిరిగి తెచ్చే ప్రోగ్రాం ఎక్కించి డిస్కంతా గాలించడం మొదలుపెట్టాడు. గంటయింది. రెండు గంటలయింది. పదకొండున్నరకు ఆవిడ కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.

"ఏం వెతుకుతున్నారండీ?"

"ఏ సూదికి ఏ దారమో ఆ పట్టీ. అదొక్కటి దొరికితే చాలు."

ఆవిడ రెండు చేతులతో ఆయన తల పట్టుకుని మెషిన్ వైపు తిప్పింది. పైన వరసగా పన్నెండు కండెలు, పన్నెండు రంగులు, కింద ఒక్కోదానికి ఒక్కో సూది. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాయి.

సిగ్గుతో చచ్చిపోయి, పైకి చూసి ఒక్కొక్కటే టైపు చేశాడు. పది నిమిషాలు పట్టలేదు. చివరి నారింజ పులి పూర్తయ్యేసరికి మూడు కావడానికి పావుగంట ఉంది. కోచ్ రాగానే ఆవిడ ఆకుపచ్చదాన్ని దాచకుండా ముందే చూపించి, తప్పు జరిగిందని చెప్పింది. గోల్‌కీపర్ ఎలాగూ వేరుగా కనిపించాలి, వాడికిస్తాలెమ్మన్నాడు కోచ్. సోమవారం యూనిఫాంల కొలతలకు రమ్మన్నాడు.

ఆ సాయంత్రమే ఆవిడ భర్తను పిలిచి, కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎలా మార్చాలో నేర్పమంది. ఇన్నేళ్లకు తన విద్య మీద భార్యకు ఆసక్తి పుట్టిందని మురిసిపోతూ నేర్పాడు. కొత్తది టైపు చేసేటప్పుడు ఆవిడ ఆయన్ని గోడవైపు తిరిగి నిలబడమంది.