అడవి నువ్వు విత్తనాలు

ఏళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు, దేవుడి ముందు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

సోలాపూర్ నీలం నగర్‌లో మాది చాదర్ దుప్పట్లు, టవళ్లు నేసే ఇల్లు. పక్కింటి లక్ష్మి నా కళ్లముందే పెరిగింది. తల్లి బీడీలు చుట్టి చదివిస్తే, దూరాన వ్యవసాయ కాలేజీలో పరిశోధనకు చేరింది. సెలవులకు వచ్చినప్పుడు మా కారఖానా వెనక బీడు నేలలో ఒక అడవి నువ్వు మొక్కను చూసింది. పూలు ఉండాల్సిన చోట ఆకుల్లాంటి పచ్చని రేకులు. అందరూ దాన్ని వెర్రి తెగులన్నారు, నువ్వు చేలకు వచ్చే రోగమే కదా అని. లక్ష్మి ఒప్పుకోలేదు. పువ్వును తయారుచేసే జన్యువే మారిందనీ, రోగమైతే విత్తనంతో రాదనీ, దీని విత్తనం వేస్తే పిల్ల మొక్కలకూ అవే పూలు వస్తాయనీ, అదే రుజువనీ చెప్పింది. కింది కొమ్మకు కాసిన కొద్దిపాటి కాయలను పగలకముందే కోసి పంపమని నాకు అప్పగించి వెళ్లింది.

నేను కోయలేదు. పని ఉండి కాదు. రేపు చూద్దాంలే అనుకున్నాను, అంతే. వెళ్లేసరికి కాయలు పగిలి ఖాళీగా ఉన్నాయి. అప్పుడే ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేది? తిట్టేది, ఏడ్చేది, వచ్చి మట్టిలో వెతుక్కునేది. మాట పడటం ఇష్టంలేక, పక్కనున్న మంచి మొక్క కాయలు కోసి పంపాను.

అక్కడ మొలిచినవన్నీ మామూలు పూలే పూశాయి. రోగానికీ జన్యువుకూ తేడా తెలియదా అని వాళ్ల సారు అందరి ముందూ అన్నాడట. లక్ష్మి ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“ఖరే చెప్పు, నిజం చెప్పు అక్కా, ఆ చెట్టు కాయలే గదా పంపినవు?”

“అవ్ బిడ్డా, దానియే. నీకు నేను అబద్ధం చెప్తనా?”

“అయితే నేనే తప్పు చూసిన.”

చదువు మానేసింది.

ఇంతవరకే అయితే పిరికితనమని సరిపెట్టుకునేదాన్నేమో. తర్వాతి వానాకాలం, రాలిన గింజలు అక్కడే మొలిచి పూతకు వచ్చాయి. ఆ చోట మొలిచిన వాటన్నిటికీ అవే ఆకు పూలు. చుట్టూ ఉన్న మొక్కలకు ఏమీ లేదు. లక్ష్మి చెప్పింది అక్షరాలా నిజం. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది ఆమె. పిలిస్తే ఆమె చదువు తిరిగి వచ్చేది, నా అబద్ధం బయటపడేది.  నేను ఒక్కొక్కటే వేళ్లతో సహా పీకి మురికి కాలువలో పారేశాను. ఎలా చేయగలిగాను? 

ఆ నేలలో ఇప్పుడు షెడ్డు లేచింది. అలాంటి మొక్క మళ్లీ ఎక్కడా కనబడలేదు. లక్ష్మి మా కారఖానాలోనే టవళ్లలో నేత తప్పులు వెతికే పని చేస్తోంది. తప్పు కనబడిన ప్రతి టవలూ నా దగ్గరికే తెస్తుంది.

“నువ్వొకసారి చూడక్కా, నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు,” అంటుంది.

నేను చూసి, నువ్వు చూసింది సరిగ్గానే ఉంది అంటాను. టవలు గురించి మాత్రమే అంటాను.

ఆమె కళ్లు ఆనాడూ సరిగ్గానే చూశాయి. రుజువును పీకి పారేసింది నేను. ఇది రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది. రేపు పొద్దున లక్ష్మి మళ్లీ టవలు పట్టుకొని వస్తుంది. ఆమెతో చెప్పే ధైర్యం నాకు వస్తుందని మాత్రం అనుకోవడం లేదు.