ఒక్క పొరపాటూ లేని బేరింగుల షాపు

బేరింగుల ఖాలిక్ గారికి ఒకటే జబ్బు. ఎవరు ఏమడిగినా, జవాబు చెప్పే ముందు ఆయనే ఒక ప్రశ్న వేస్తారు: "లోడు ఎటునుంచండీ?" బేరింగు అడిగినా అంతే, టైమెంతయిందని అడిగినా అంతే. ఒకాయన కొడుకు పెళ్లి శుభలేఖ ఇవ్వబోతే, కల్యాణమండపం మేడ మీదనా కిందనా, జనం ఏ మెట్లమీదుగా ఎక్కుతారు, ఆ బరువు ఏ గోడ మీద పడుతుంది అని ఆరా తీసి, ఆయన్ని కంగారు పెట్టి పంపించారు. పెళ్లి బాగానే జరిగింది గాని పెళ్లికొడుకు తండ్రి మాత్రం గోడవైపే చూస్తూ కూర్చున్నాడట.

విజయవాడ గవర్నర్‌పేటలో, మోటారు సామాన్ల సందులో ఆయన షాపు. మనిషి అడ్డంగా పడుకుంటే కాళ్లు రోడ్డు మీదుంటాయి. పైన బోర్డు మీద బారెడేసి పసుపు అక్షరాలు: "ముప్ఫై ఏళ్లలో ఒక్క పొరపాటూ లేదు." షాపు పేరు ఆ కింద ఎక్కడో ఉంది. నేను ఇంతవరకూ చదవలేదు.

నేను పామర్రు దగ్గర ఒక ఎత్తిపోతల సొసైటీలో గుమస్తాని. పేరు వెంకటకృష్ణారావు. బి.ఏ. చరిత్ర. ఏ యుద్ధం ఎప్పుడు జరిగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మోటారు గురించి మాత్రం మెలకువగా ఉన్నప్పుడు అడిగినా చెప్పలేను. తొంభై అయిదులో మా సొసైటీవాళ్లు పాత మోటారు తీసేసి కొత్తది పెట్టారు. పాతది పడుకుని తిరిగేది, ఇది నిలబడి తిరుగుతుంది. నాకు తెలిసిన తేడా అంతే. ఏడాది తిరిగేసరికి కుయ్యోమంది. ఫిట్టరు జక్కయ్య అరిగిన బేరింగు విప్పి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇట్టాంటిదే పట్రండి బాబుగారూ. నంబరు దాని మీదే ఉంది."

తీసుకెళ్లి ఖాలిక్ గారి కౌంటరు మీద పెట్టాను.

"లోడు ఎటునుంచండీ?"

"పామర్రు నుంచండీ."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను పరీక్షగా చూశారు.

"ఊరు కాదండీ. బరువు. ఇరుసుకి పక్కనుంచి పడుతోందా, పొడుగునా తోస్తోందా?"

"నేను కొనడానికి వచ్చానండీ," అన్నాను దీనంగా.

"నేనూ అమ్మడానికే కూర్చున్నాను. చూడండి, మామూలు బేరింగు పక్కబరువు మోస్తుంది. ఇది యాంగ్యులర్ కాంటాక్టు. పక్కబరువూ మోస్తుంది, ఇరుసు పొడుగునా తోసే బరువూ మోస్తుంది. కాకపోతే ఒక్కవైపునుంచే. ఈ అంచు మందం, ఆ అంచు పల్చన. మందం మీదికి తోస్తే ఎంతైనా మోస్తుంది. పల్చటివైపు తోశారో, బాల్స్ జారిపోతాయి."

"మరి రెండువైపులా తోస్తే?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

ఆయన ముఖం వెలిగిపోయింది. కౌంటరు మీది ఖాళీ టీగ్లాసులు రెండు అందుకున్నారు. అడుగూ అడుగూ ఆనించారు. "ఇలా వీపూ వీపూ పెడితే ఇరుసు ఊగదు." మూతీ మూతీ కలిపారు. "ఇలా ముఖాముఖీ పెడితే ఇరుసు కాస్త వంకరున్నా సర్దుకుపోతుంది." ఒకదాంట్లో ఒకటి దోపారు. "ఇలా అయితే ఇద్దరూ ఒకేవైపు మోస్తారు, రెట్టింపు బలం. జోరుగా తిరిగే లేతు మిషన్లకి పదిహేను డిగ్రీల వాలు చాలు, మీలాంటి నిలువు పంపులకి నలభై కావాలి. అర్థమైందా?"

గ్లాసుల కోసం వచ్చిన టీకొట్టాయన "అర్థమైందండీ" అని తల ఊపాడు. నాకు కాలేదు.

చివరికి ఖాలిక్ గారు కొత్త బేరింగు తీసి, అట్టపెట్టె మీద ఎర్ర పెన్సిల్‌తో ఒక బాణం గీశారు. దాని పక్కన "మందం కిందికి" అని రాశారు. "ఇది మీ మేస్త్రీకి చూపించండి. మర్చిపోకండేం!"

మర్చిపోలేదు. అంతకంటే ఘనకార్యమే చేశాను. అట్టపెట్టె ముచ్చటగా ఉందని మా ఆవిడ సీతారావమ్మ అందులో ఆవాలు పోసుకుంది. బేరింగు మళ్లీ గుడ్డలో చుట్టి జక్కయ్యకిచ్చాను.

"షాపాయన ఏవన్నా చెప్పారా అండీ?"

"గ్లాసుల గురించి చెప్పాడు. కాస్త తిక్క మనిషిలే," అన్నాను.

తొమ్మిదో రోజుకి బేరింగు పోయింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి తెలివిగా "ఉన్న అన్ని వైపులనుంచీ" అన్నాను. ఆయన మళ్లీ బాణం గీశారు. ఆ పెట్టెలో మెంతులు పోసిన మా ఆవిడ, "ఈసారి కాస్త పెద్ద పెట్టెది తెండి, మిరపకాయలకి పనికొస్తుంది," అంది. ఆ బేరింగు ఎనిమిదో రోజుకి పోయింది.

అప్పటికి చేలు పొట్ట మీదున్నాయి. మూడొందల ఎకరాలకి ఇంకొక్క తడి కావాలి. కాలవ చివర ఊరు మాది, మోటారు ఎత్తిపోస్తేనే నీళ్లు. ప్రెసిడెంటు జాన్‌బాబు గారు షెడ్డు దగ్గరే అందరి ముందూ తేల్చేశారు.

"జక్కయ్యా, ఇరవై రెండేళ్ల సర్వీసని ఇన్నాళ్లు ఊరుకున్నా. ఈసారీ పోయిందంటే నువ్వు ఇంటికే."

జక్కయ్య చేతిలో రెంచీని పదిసార్లు తుడిచాడు.

మూడోసారి నన్ను చూడగానే ఖాలిక్ గారు ప్రశ్న వేయలేదు. "ఇవ్వనండీ," అన్నారు. నా పైప్రాణాలు పైకే పోయాయి. చేలు ఎండిపోతాయన్నాను, జక్కయ్య ఉద్యోగం పోతుందన్నాను. ఆయన లేచి షట్టరు దించడం మొదలుపెట్టారు. గొడవ విని, పై వాటాలోంచి ఆయన భార్య కరీమున్నీసా గారు దిగొచ్చారు.

"మీరేం అనుకోకండన్నయ్యగారూ. బీరువా జరపమన్నా ఈయన లోడు ఎటునుంచి అని గంట ఆలోచిస్తారు. ఈలోపు నేనే జరిపేసుకుంటా."

"ఈయన చేతికివ్వనన్నాను గాని బేరింగు ఇవ్వనన్నానా?" అంటూ ఆయన ఒక డబ్బా చంకన పెట్టుకున్నారు. "పదండి, నేనే వస్తా."

బెంజ్ సర్కిల్ దగ్గర బస్సెక్కామో లేదో, ఆయనకి జబ్బు తిరగబెట్టింది. జనమంతా ఎడమపక్కే కూర్చున్నారట. "టికెట్ ఎక్కడికండీ?" అన్న కండక్టరుతో "లోడు ఎటుందో చూశారా?" అని వాదించి, ఆరుగురిని లేపి కుడిపక్కకి మార్పించిందాకా టికెట్ కొట్టించుకోలేదు. ఉయ్యూరు దాకా వాళ్లు నన్నే కొరకొరా చూశారు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

షెడ్డు దగ్గర ఊరంతా ఉంది. ఖాలిక్ గారు బేరింగు జక్కయ్య చేతికిచ్చి, "రోజూ ఎలా ఎక్కిస్తారో అలాగే ఎక్కించండి మేస్త్రీ," అని పక్కన గొంతుక్కూర్చున్నారు. జక్కయ్య దాన్ని కళ్లకద్దుకుని, నంబరున్న వైపు పైకి పెట్టి ఇరుసు మీదికి దించబోయాడు.

"నంబరు పైకెందుకు మేస్త్రీ?" అని మెల్లగా అడిగారు ఖాలిక్ గారు.

"మా గురువు నేర్పిందండీ. రేపు నేనుంటానా? ఇంకెవరో విప్పుతారు. ఆ వచ్చినోడికి నంబరు కనపడాలి గదండీ, లేకపోతే ఏది తేవాలో తెలీక అల్లాడతాడు. పాత మోటారుకి ఇరవయ్యేళ్లూ ఇట్టాగే పెట్టా, ఒక్కనాడు మొరాయించలా."

పడుకుని తిరిగే పాత మోటారుది మామూలు బేరింగు, ఎటు పెట్టినా ఒకటే. ఈ కొత్తదానికి నంబరు కొట్టింది మందం అంచు మీద. నంబరు పైకొస్తే మందం పైకొస్తుంది. ఇరుసుకి వేలాడే పంపు బరువంతా పల్చటి అంచు మీద పడుతుంది. నా జన్మలో మొదటిసారి బేరింగు నాకర్థమైంది. ఆవాల పెట్టె కళ్ల ముందు గిర్రున తిరిగింది.

"ఏంటి సాయిబుగారూ, తప్పెవరిది?" అన్నారు జాన్‌బాబు గారు.

జక్కయ్య చెయ్యి ఆగిపోయింది. నేను జనం వెనక్కి ఒక అడుగు వేశాను.

"నాదేనండీ," అన్నారు ఖాలిక్ గారు, లేచి నిలబడి. "పెట్టె మీద బాణం తలకిందులు గీశాను."

"మీ బోర్డు మీద ఒక్క పొరపాటూ లేదని..." అని ఎవరో నసిగారు.

"ఇదే మొదటిదండీ."

ఆయన జక్కయ్య వేలు పట్టుకుని మందం అంచూ, పల్చటి అంచూ తడిమించారు. జక్కయ్య బేరింగు తిరగేసి దించాడు. నంబరు కిందికెళ్లి మాయమైంది. "ఆ వచ్చేవాడి సంగతి?" అన్నాడు జక్కయ్య బెంగగా. ఖాలిక్ గారు ఎర్ర రంగు తెప్పించి, మోటారు మూత మీద అంగుళమేసి అంకెలతో ఆ నంబరు రాయించారు. పక్కన బాణం కూడా గీయించారు. స్విచ్చి వేశారు. కుయ్యి లేదు, కయ్యి లేదు. నీళ్లు బోదెలోకి దూకాయి.

నేను ఇంటికి పరుగెత్తి, ఆవాలతో సహా పెట్టె పట్టుకుని పామర్రు బస్టాండుకి పోయాను. ఆయన బెంచీ మీద కూర్చుని సోడా తాగుతున్నారు.

"బాణం సరిగ్గానే ఉందిగదండీ! జక్కయ్యకి చూపించని తప్పు నాది. వెళ్లి చెప్పేస్తాను."

"చెబితే జక్కయ్యకి నామోషీ, మీకు చీవాట్లు. ఇద్దరివీ ఉద్యోగాలు. నాదొక్క బోర్డేగా, డబ్బాడు రంగు చాలు. ఎవరు మోయగలరో చూసుకోవద్దండీ? అందుకే గదా లోడు ఎటునుంచని అడిగేది." ఆయన పెట్టెవైపు చూశారు. "ఆవాలు మంచివే. ఒలకపొయ్యకండి."

నాకు కళ్లు చెమర్చాయి. ఆవాల ఘాటు కాదు, ఆయన మీద ప్రేమే.

రెండు నెలల తర్వాత, కోతలయ్యాక షాపుకెళ్లాను. బోర్డు మీద పసుపు రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది: "ముప్ఫై ఏళ్లలో ఒకే ఒక్క పొరపాటు." ఉన్నదాన్ని చెడగొట్టుకున్నారని కరీమున్నీసా గారు పైనుంచి గొణుగుతున్నారు. కింద మాత్రం ఎప్పుడూ లేనంత జనం. తప్పు ఒప్పుకున్న షాపంటే నమ్మకమట.

గన్నవరం నుంచి వచ్చిన ఒకాయన బోర్డు చదివి, "ఆ ఒక్క పొరపాటు ఏంటండీ?" అని అడిగాడు.

ఖాలిక్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నావైపు చూశారు.

"లోడు ఎటునుంచండీ?"

"పామర్రు నుంచండీ," అన్నాను.