తుడిచేసిన మచ్చ

2003 వేసవిలో నన్ను చిత్తూరు నుంచి తిరుపతికి పోలీసు ఫొటోగ్రాఫర్‌గా బదిలీ చేశారు. హోదాకు హెడ్‌ కానిస్టేబుల్‌నే అయినా లాఠీ పట్టిన రోజులు తక్కువ. నేరం జరిగిన చోటుకూ, మార్చురీకీ కెమెరా మోసుకుపోవడమే నా పని. ఆ ఏడాదే మాకు మొదటి డిజిటల్ కెమెరా, దాంతోపాటు ఒక కంప్యూటరూ వచ్చాయి. ఇరవయ్యేళ్ళు డార్క్‌రూంలో మగ్గినవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆ కంప్యూటర్ ముందు నుంచి లేచేవాణ్ణి కాదు.

పేరూ ఊరూ తెలియని శవానికి మూడు ఫొటోలు తీయాలి. ఎదురుగా ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి. ఎదురు ఫొటోకు ప్రింట్లు వేసి స్టేషన్లకూ బస్టాండుకూ పంపేవాళ్ళం. పక్క ఫొటోలు ఎవరైనా అడిగితేనే ప్రింటు వేసేది. మూడు రోజుల్లో ఎవరూ రాకపోతే మునిసిపాలిటీ వాళ్ళు పూడ్చేస్తారు. తిరుపతిలో ఈ పనికి ఇంకో చిక్కు ఉంది. కొండ మీద తలనీలాలిచ్చిన మగవాడికి జుట్టూ మీసమూ గడ్డమూ అన్నీ పోతాయి. కట్టుకున్న భార్య కూడా చూసి ఒక్క క్షణం తడబడుతుంది.

ఆ జూన్‌లో ఒక మనిషి మెట్లదారిన కొండ దిగుతూ, అలిపిరికి ఇంకాస్త దూరం ఉందనగా కూలబడి ప్రాణం విడిచాడు. యాభై ఏళ్ళుంటాయి. కొత్త పంచె, నున్నటి గుండు. చేతిలో సంచి కూడా లేదు. పద్ధతి ప్రకారం మూడు ఫొటోలూ తీశాను. నుదుటికి పైన, కుడివైపు, ఒక తెల్లటి గీత కనిపించింది. క్షురకుడి కత్తి గీరుకుందేమో అనుకున్నాను. నిదానించి చూసి ఉంటే పాత దెబ్బని తెలిసేదే, కానీ చూడలేదు.

ఇంటివాళ్ళు చూసే ఆఖరి ఫొటో కదా, కాస్త శుభ్రంగా ఉండనీ అనిపించింది. కెమెరా కార్డును కంప్యూటర్‌కు తగిలించి, అందులోని ఎదురు ఫొటోలోనే కళ్ళ కింది నలుపు తగ్గించాను, ఆ గీతను తుడిచేశాను. దాన్ని కార్డులోనే అదే పేరుతో సేవ్ చేశాను. దాంతో అసలు ఫొటో పోయింది. నెగటివ్ ఉన్న రోజుల్లో ఈ తప్పు చేద్దామన్నా కుదిరేది కాదు.

మర్నాడు పలమనేరు దగ్గరి పల్లె నుంచి మునెమ్మ అనే ఆమె స్టేషన్‌కు వచ్చింది. మొక్కు తీర్చుకోవడానికి ఒంటరిగా వెళ్ళిన భర్త ఇల్లు చేరలేదట. వచ్చినవాళ్ళందరినీ మార్చురీకి తిప్పడమెందుకని ముందు ఫొటో చూపించడం మా ఎస్సై అలవాటు. ఆమె చాలాసేపు చూసి, కాదని చెప్పి, వెతకడానికి కొండెక్కింది. గడువు తీరాక శవాన్ని పూడ్చేశారు.

పూడ్చిన రెండు రోజులకు ఆమె మళ్ళీ వచ్చింది. అప్పుడు నేను స్టేషన్‌లోనే ఉన్నాను.

"ఆ ఫొటో ఇంగోసారి సూపించు సార్. మొగం ఆయన మాదిరే ఉండాది. అయితే మా ఆయనకి నెత్తిన మచ్చ ఉండాది. చిన్నప్పుడు బాయికాడ నీళ్ళకని ఎద్దుల్తో కపిల తోలేటప్పుడు మోకు తెగి కొట్టింది. ఈయనకి లేదు," అంది.

కుడి పక్క ఫొటో ఇంకా కెమెరా కార్డులోనే ఉంది. దాని జోలికి నేను పోలేదు. ప్రింటు తీసి ఆమె చేతికిచ్చి, చేసినదంతా ఎస్సై ఎదుటే చెప్పాను. ఆమె ఆ మచ్చ మీద వేలు పెట్టి కూర్చుంది.

"నెత్తికి నీళ్ళు పోసినప్పుడల్లా నా చేతికి తగిలేది. నీకేం అడ్డమొచ్చింది నాయనా ఇది?" అని అడిగింది.

ఆమెను శ్మశానానికి తీసుకెళ్ళాను. అక్కడ నంబరు రాసిన కర్ర ఒకటి పాతి ఉంది. ఆమెకు చూపించగలిగింది అంతే. నాకు మెమో ఇచ్చారు, అది న్యాయమే. ఆ తర్వాత అసలు ఫొటోను ముందుగా సీడీలో ఎక్కించి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టాకే ఏ మార్పయినా చేసేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

రిటైరయ్యాక, సరదాకు కెమెరా కొన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చి మొహం మీది మచ్చలు తుడవడం నేర్పమంటుంటారు. నేర్పుతాను. ముందు అసలు ఫొటోను వేరే చోట దాయిస్తాను. ఆ తర్వాత, ఫొటోలో ఉన్న మనిషిని అడిగే తుడుస్తున్నావా అంటాను. అడగలేదంటే ఆ పూట పాఠం అక్కడితో ఆపేస్తాను.