జూన్ ఒకటో తారీఖు

పిల్లలు తగ్గితే మా ఊరి బడి మూసేస్తారని పుకారు పుట్టిన ఏడాది, నాలుగేళ్ల పిల్లను ఐదేళ్లదని రిజిస్టర్‌లో రాసుకున్నాను. పుట్టిన తేదీ జూన్ ఒకటి. ఎవరికైనా అదే రాసేవాణ్ణి.

పదేళ్ల తర్వాత ఆ పిల్లకే ఎడమచేత్తో బంతి తిప్పడం నేర్పి, పాలమూరులో అండర్-15 క్రికెట్ ఎంపికలకు తీసుకెళ్లాను. ఆరు బంతుల్లో రెండుసార్లు స్టంపులు ఎగరగొట్టింది. "మళ్లొకసారి వెయ్యి" అన్నాడు సెలెక్టర్. నేను మాత్రం సర్టిఫికెట్లు చూసే బల్ల వైపే చూస్తున్నాను. కాగితాలు ఇంకా చూడలేదు.

చూశారు. బల్ల దగ్గరాయన తల అడ్డంగా ఊపాడు.

"పదిహేను దాటినయి బిడ్డా. ఆడనియ్యం."

"లేదు సార్, నాకు పద్నాలుగే! మా అవ్వనడుగుండ్రి."

"బడి సర్టిఫికెట్ల గట్ల లేదు గద."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "సార్, మీరన్న చెప్పుండ్రి. రాసినోళ్లెవరో తప్పు రాసిన్రని."

నిజం చెబితే నా ఉద్యోగానికి ఎసరు. పిరికి వెధవని, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"పద బిడ్డా," అన్నాను, "బస్సుకు యాళ్లయితాంది."